ఫజ్ మొదట ఎవరిది: మెంఫిస్‌లో దెబ్బతిన్న స్పీకరా, నాష్‌విల్‌లో చెడిన ఛానెలా?

పాతరికార్డు:
ఎలక్ట్రిక్ గిటార్‌కి ఆ గరగరలాడే ఫజ్ గొంతు మొదట ఏ రికార్డులో వచ్చిందని ఎవర్నడిగినా "రాకెట్ 88" అనేస్తున్నారు. నాకది మింగుడుపడటం లేదు. 1951 మార్చిలో ఐక్ టర్నర్ బృందం మిసిసిపీ నుంచి మెంఫిస్‌కి కార్లో వస్తుంటే దారిలో గిటారిస్టు విల్లీ కిజార్ట్ ఆంప్లిఫయర్ దెబ్బతింది. కారు మీంచి పడిందంటారు కొందరు, వానకి తడిసిందంటారు ఇంకొందరు. సామ్ ఫిలిప్స్ స్టూడియోలో స్పీకర్ కోన్‌లో, అంటే చప్పుడు చేసే ఆ గరాటులో, కాగితం కుక్కి పని కానిచ్చారు. పాట పెద్ద హిట్, అందులో సందేహం లేదు. కానీ మనకు వినబడేది పాడైన కోన్ రొద. దాన్ని ఫజ్ అనడం నాకు సబబుగా తోచదు.

నా లెక్కలో ఫజ్ పుట్టిల్లు నాష్‌విల్. 1961లో వచ్చిన మార్టీ రాబిన్స్ పాట "డోంట్ వర్రీ" వినండి. నిమ్మళంగా సాగే పాట. మధ్యలో గ్రేడీ మార్టిన్ ఆరు తీగల బేస్ మీద సోలో ఎత్తుకోగానే, రేకు డబ్బాలో తుమ్మెదను మూసిపెట్టినట్టు ఒక చప్పుడు. గొంతులనీ వాద్యాలనీ కలిపే మిక్సింగ్ కన్సోల్‌లో ఆయన వాద్యం వచ్చే ఛానెల్ ట్రాన్స్‌ఫార్మర్ చెడిపోయింది. ఇంకో ఛానెల్లో పెట్టి మళ్ళీ వాయిస్తే సరిపోయేది. అలా చెయ్యకుండా ఉంచేశారు. పాట కంట్రీ చార్టులో 10 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. మిగతావాళ్ళూ ఆ గొంతు కావాలని రావడం మొదలయ్యాక, ఆ రికార్డింగ్ ఇంజనీర్ గ్లెన్ స్నాడీ, రెవిస్ హాబ్స్ అనే మరో ఇంజనీర్‌తో కలిసి దాన్ని ట్రాన్సిస్టర్లతో ఒక పెట్టెలో పట్టాడు. అదే 1962లో గిబ్సన్ కంపెనీ మేస్ట్రో పేరుతో అమ్మిన ఫజ్‌టోన్.

డెల్టాబాట:
అన్నా, మీరు చెప్పిన రెండూ ప్రమాదాలే కదా? కిజార్ట్ ఆంప్ దెబ్బతినడం ప్రమాదం, స్నాడీ ట్రాన్స్‌ఫార్మర్ పోవడమూ ప్రమాదమే. ఒకదాన్ని రొద అని తోసేసి, రెండోదాన్ని పుట్టుక అనడం ఏం న్యాయం? ఉంచేశారు కాబట్టి నాష్‌విల్ గొప్పదంటే, సామ్ ఫిలిప్స్ కూడా ఉంచేశాడు. వేరే ఆంప్ తెప్పించి వాయించమని పంపెయ్యలేదు.

నన్ను బాధపెట్టేది ఇంకొకటుంది. అదే 1951లో అదే మెంఫిస్‌లో బ్లూస్ గాయకుడు హౌలిన్ వుల్ఫ్ పాటలకి విల్లీ జాన్సన్ వాయించిన గిటార్ వినండి. ఆంప్‌ని దాని సత్తువకి మించి తోసి, లోపలి గాజు వాల్వులు అరిచేదాకా వాయించాడు. అది ప్రమాదం కాదు, ఆయన కోరి తెచ్చుకున్న గొంతు. ఈ నల్లజాతి వాద్యకారులకి చిన్న ఆంప్‌తో పెద్ద గది నింపాల్సిన అవసరం ఉండేది. పదేళ్ళ తర్వాత ఒక కన్సోల్ చెడిపోతే దాన్నే పుట్టుక అని రాసుకుంటే ఆ పదేళ్ళు ఏమైపోయినట్టు?

సోల్డర్‌పొగ:
ఇద్దరికీ ఒక మాట. మూడు వేర్వేరు వస్తువుల్ని ఒకే పేరుతో పిలుస్తున్నాం. వాల్వు ఆంప్‌ని గట్టిగా తోస్తే సిగ్నల్ అల కొసలు మెల్లగా గుండ్రంగా అణుగుతాయి. చిరిగిన కోన్‌లో కాగితం కాగితాన్ని రాసుకుని కొట్టుకుంటుంది. ఫజ్ పెట్టెలో ట్రాన్సిస్టర్ అల కొసల్ని కత్తిపెట్టి కోసినట్టు కోసి, ఇంచుమించు చదరపు అలగా మార్చేస్తుంది. చెవికి మూడూ గరగరే. తేడా ఎక్కడంటే, మొదటి రెంటికీ శబ్దం ఎక్కువుండాలి. మూడోదానికి అక్కర్లేదు. పక్కింటివాళ్ళకి వినబడనంత మెల్లగా పెట్టినా ఫజ్ ఫజ్‌లాగే ఉంటుంది.

ఇది చదివి చెప్పట్లేదు. కోఠీ గుజరాతీ గల్లీలో పాత రేడియో సామాను అమ్మే ఒకాయన దగ్గర జెర్మేనియం ట్రాన్సిస్టర్లు, ఏసీ 128 రకం, నాలుగు దొరికితే రెండిటితో ఫజ్ సర్క్యూట్ కట్టాను. జనవరిలో తేనెలా పలికింది. మే నెలలో మేడమీద గదిలో అదే పెట్టె గొంతు పట్టేసినట్టయింది. స్వరం మొదలవుతుంది, నాలుగో వంతు కూడా సాగకముందే తెగిపోతుంది. సోల్డరింగ్ సరిగ్గా లేదేమోనని అన్ని అతుకులూ మళ్ళీ కరిగించాను. చివరికి పెట్టెను పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే జనవరి గొంతు తిరిగొచ్చింది! జెర్మేనియంలో వేడి పెరిగేకొద్దీ లీకేజీ కరెంటు పెరిగి బయాస్, అంటే ట్రాన్సిస్టర్ సరిగ్గా పనిచేసే చోటు, జరిగిపోతుంది, అదీ సంగతి. స్నాడీ పెట్టెలో అలాంటి ట్రాన్సిస్టర్లు మూడు, నడిచేది ఒకటిన్నర వోల్టుల సెల్స్ రెండింటి మీద. పాడైన యంత్రం చేసే చప్పుడుని, మంచి యంత్రంతో కోరినప్పుడల్లా చేయించడం చిన్న పని కాదు. నా ఓటు పాతరికార్డు గారికే.

మేళకర్త:
చిన్న మాట కలుపుతాను. 1965లో యార్డ్‌బర్డ్స్ అనే ఇంగ్లీషు రాక్ బృందం వాళ్ళు ఒక పాటకి సితార్ వాయించేవారిని పిలిపించారు, అది కుదరక చివరికి వాళ్ళ గిటారిస్టు జెఫ్ బెక్ ఆ సితార్ వరసను ఫజ్ గిటార్‌తో పలికించాడు. తంబురా తీగ కింద నూలుపోగు జరిపి జరిపి, ఆ జుమ్మనే నాదం విచ్చుకునేదాకా మా గురువుగారు వదిలేవారు కాదు. వాళ్ళకి యంత్రం చెడితే దొరికిన గరగర లాంటిదాన్ని మనవాళ్ళు చేత్తో వెతికి పట్టుకుంటారు.

పాతరికార్డు:
మేళకర్త గారూ, చాలా బాగుంది. ఆ పోలిక నాకెప్పుడూ తట్టలేదు.

డెల్టాబాట తమ్ముడూ, విల్లీ జాన్సన్ విషయంలో నీ మాట ఒప్పుకుంటున్నాను. కానీ ఆ దారి ఓవర్‌డ్రైవ్‌కి, అంటే ఆంప్‌ని గట్టిగా తోసి తెచ్చే గొంతుకి, పోతుంది. ఫజ్‌టోన్ కథ వేరు. మొదట్లో దాన్ని గిటార్ గొంతుగా అమ్మనే లేదు. బాకాలు, ట్యూబా, చెల్లో లాంటి వాద్యాలని గిటార్‌తో పలికించొచ్చని ప్రచారం చేశారు. ఎవరూ పెద్దగా కొనలేదు. 1965 మేలో హాలీవుడ్‌లో రోలింగ్ స్టోన్స్ "శాటిస్‌ఫాక్షన్" రికార్డు చేస్తూ వాళ్ళ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ కూడా అదే ఉద్దేశంతో ఆ పెట్టె మీటని కాలితో తొక్కాడు. ఆ వరస బాకాలకి పోవాలి, అందాకా గుర్తు కోసం ఫజ్. ఆ గుర్తే రికార్డుగా బయటికొచ్చింది, కొట్లలో పెట్టెలు ఖాళీ అయిపోయాయి.

డెల్టాబాట:
సరే, కోరి తెచ్చుకోవడమే కొలత అనుకుందాం. అప్పుడూ నాష్‌విల్ 1961 మొదటిది కాదు. గిటారిస్టు లింక్ రే 1958లో "రంబుల్" కోసం స్పీకర్‌కి పెన్సిల్‌తో బొక్కలు పొడిచాడు. అంతకు రెండేళ్ళ ముందు జానీ బర్నెట్ బృందంలో పాల్ బర్లిసన్ ఆంప్ కిందపడి ఒక వాల్వు వదులైంది. ఆ గొంతు నచ్చి, తర్వాత కావాలనే వాల్వు వదులు చేసుకునేవాడినని ఆయనే చెప్పాడు. ఆ 1956 రికార్డు "ట్రెయిన్ కెప్ట్ ఎ-రోలిన్". దీనికేమంటారు?

పాతరికార్డు:
ఆ రికార్డు చేసింది ఎక్కడో చూశావా? నాష్‌విల్‌లో, బ్రాడ్లీ స్టూడియోలో. "డోంట్ వర్రీ" చేసినచోటే. పైగా ఆ పాటలో గిటార్ బర్లిసన్‌ది కాదు, గ్రేడీ మార్టిన్‌దేనని గట్టిగా వాదించే పరిశోధకులున్నారు. ఈ రాత్రి రెండూ హెడ్‌ఫోన్స్‌లో పక్కపక్కన పెట్టి వింటాను. నువ్వూ విను తమ్ముడూ. ఆ చెయ్యి ఒకటేనో కాదో రేపు రాద్దాం.