అంబాసిడర్ మార్క్ 4కి తక్కువ ధర బయటి తయారీ రేడియేటర్: ఏది కొనాలి, ఎలా బిగించాలి?

పాతబండి_గుంటూరు

అందరికీ నమస్కారం. బండి 1985 అంబాసిడర్ మార్క్ 4, పెట్రోల్, 1489 సీసీ ఇంజన్. పాత రేడియేటర్ కింది ట్యాంకు అతుకు దగ్గర కారుతోంది, మధ్యలో ఫిన్లు (గాలికి వేడి వదిలే పల్చటి రేకులు) చేత్తో ముట్టుకుంటే పొడిగా రాలుతున్నాయి. టౌన్లో ఏ గొడవా లేదు. హైవే మీద 70లో ఓ పావుగంట పోతే వేడి చూపే మీటర్ ముల్లు పైకి ఎక్కుతోంది.

బయటి తయారీవి రెండు రకాలు దొరుకుతున్నాయి. ఒకటి ఇత్తడి ట్యాంకులు, మూడు వరసల ట్యూబులున్న రాగి కోర్ (రెండు ట్యాంకుల మధ్య ట్యూబులు, ఫిన్లు ఉండే భాగం). ఇంకోటి మొత్తం అల్యూమినియం. ధరలో పెద్ద తేడా లేదు. ఏది మంచిది? బోల్టు రంధ్రాలు కుదరవని అంటున్నారు, నిజమేనా? అల్యూమినియం దానితో 13 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) మూత ఇస్తున్నారు, నా పాత మూత మీద 7 అని ఉంది. ఏది పెట్టాలి? థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాకే రేడియేటర్‌కి నీళ్ళు వదిలే కవాటం) పీకేస్తే చల్లగా ఉంటుందని కూడా చెప్తున్నారు. కాస్త వివరంగా చెప్పండి.

ఇత్తడిట్యాంకు

గుంటూరు గారూ, టౌన్లో బాగుండి హైవేలో వేడెక్కుతోందంటే లోపం గాలిది కాదు, నీటి ప్రవాహానిది. ఫ్యాన్, బెల్టు బాగోకపోతే ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ముల్లు ఎక్కాలి, రోడ్డెక్కగానే దిగాలి. మీది దానికి తిరగబడి ఉంది. కోర్ ట్యూబులు పూడిపోయి ఉండాలి, లేదా కింది హోస్ పైపు లోపలికి అణిగిపోతూ ఉండాలి. బండి వేడిగా ఉన్నప్పుడు ఒకరు రేస్ పెంచుతుంటే మీరు కింది పైపు చూడండి. పంపు లాగే బలానికి అది అణిగిపోతుంటే కొత్త రేడియేటర్ వేసినా మీ బాధ తీరదు. లోపల స్ప్రింగు ఉన్న పైపు వేయాలి.

రేడియేటర్ సంగతి తేలాలంటే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో కోర్ ముందువైపు పై నుంచి కిందికి గళ్ళు గళ్ళుగా చూడండి. పైన వేడి, కిందికి పోయేకొద్దీ చల్లదనం నెమ్మదిగా, సమంగా రావాలి. మధ్యలో ఒక పట్టీ చుట్టుపక్కల కంటే బాగా చల్లగా ఉందంటే అక్కడ ట్యూబులు మూసుకుపోయాయి. మీ ఫిన్లు రాలుతున్నాయి కాబట్టి ఎలాగూ కోర్ అయిపోయినట్టే. పాత ట్యాంకులు గట్టిగా ఉంటే కోర్ ఒక్కటే మార్పించడం అన్నిటికంటే మంచి దారి. బెజవాడ ఆటోనగర్లోనూ, సికింద్రాబాద్ రాణిగంజ్ వైపూ ఈ పని చేసేవాళ్ళు ఉన్నారు. బ్రాకెట్లు, గొట్టాలు అన్నీ అసలువే ఉంటాయి, కుదరకపోవడం అనే మాటే రాదు. అది వీలుకాకపోతే బయటి ఇత్తడి రేడియేటర్ తీసుకోండి. అల్యూమినియం మీ బండికి వద్దని నా అభిప్రాయం. చల్లబరచదని కాదు, కారితే మన ఊళ్ళో టంకం పెట్టి బాగుచేసేవాళ్ళు దొరకరు.

కొనేటప్పుడు షాపులోనే చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. పాత రేడియేటర్ పక్కన నిలబెట్టి కోర్ వెడల్పు, ఎత్తు, మందం, రెండు గొట్టాల బయటి వ్యాసం, బోల్టు రంధ్రాల మధ్య దూరం కొలవండి. మూత తీసి టార్చి వేసి లోపలికి చూడండి, ట్యూబుల నోళ్ళు వరసగా కనిపించాలి. చవక సరుకులో టంకం ముద్దలు నోళ్ళలోకి జారి రెండు మూడు ట్యూబులు పుట్టుకతోనే మూసుకుపోయి ఉంటాయి. తర్వాత చిన్న స్క్రూడ్రైవర్ మొనతో ఒక ఫిన్ను మెల్లగా పక్కకి నెట్టండి. ట్యూబుకి అతికి ఉంటే కదలదు. అంచు వెంబడి జారితే అది ఊరికే ఇరికించిన రేకు, ట్యూబులోని వేడిని తీసుకోదు. స్కేలు పెట్టి లెక్కపెడితే అంగుళానికి 10 ఫిన్ల కంటే తక్కువ ఉన్నదాన్ని నేనైతే ముట్టుకోను. మందంగా నల్ల రంగు పూసిందీ వద్దు. పల్చటి పూతతో ఇబ్బంది లేదు, కానీ ఫిన్ల మధ్య రంగు పేరుకుంటే గాలి దారి ఇరుకైపోతుంది.

బీసిరీస్

పైన చెప్పినవన్నీ సరైనవే. నేను బిగింపు గురించి చెప్తాను, ఎందుకంటే చవక రేడియేటర్లు ఆరు నెలలకే కారడానికి కోర్ కంటే బిగింపే ఎక్కువ కారణం.

ముందు ఇంజన్ బ్లాక్ కడగండి. ఇది మానేసి కొత్త రేడియేటర్ పెడితే బ్లాక్‌లోని తుప్పు, బురద వారంలో కొత్త కోర్‌లోకి చేరతాయి. పాత రేడియేటర్ బండి మీద ఉండగానే ఈ పని కానివ్వండి. నిమ్మఉప్పు లీటరు నీటికి 50 గ్రాములు కలిపి పోసి, ఇంజన్ వేడెక్కాక ఓ 20 నిమిషాలు నడిపి, చల్లారాక వదిలేయండి. బ్లాక్ వెనకవైపున్న డ్రెయిన్ కుళాయి కూడా తిప్పండి. చాలా బళ్ళలో ఆ కుళాయి తిప్పినా చుక్క రాదు. కుళాయి మొత్తం ఊడదీసి గట్టి తీగతో లోపల పొడవండి, ముద్దలు ముద్దలుగా ఎర్ర బురద వస్తుంది. వెనక సిలిండర్ చుట్టూ పేరుకునేది అదే. తర్వాత లీటరుకి రెండు చెంచాల వంటసోడా కలిపిన నీళ్ళతో ఒకసారి, మామూలు నీళ్ళతో తేటగా వచ్చేదాకా ఇంకొన్నిసార్లు కడగాలి. కడిగిన పోతఇనుము ఖాళీగా ఉంటే గంటల్లో తుప్పు పడుతుంది కాబట్టి అదే రోజు కూలెంట్ పోసేలా చూసుకోండి.

కొత్త రేడియేటర్‌ని కూడా బిగించేముందు కడగాలి. సగం నీళ్ళు పోసి, రెండు గొట్టాలూ మూసి, అటూ ఇటూ ఊపి పారబోయండి. టంకం వేసేటప్పుడు వాడిన ఫ్లక్స్, రాగి పొట్టు బయటికి వస్తాయి. ఆ తర్వాత లీకు పరీక్ష. గొట్టాలకి రబ్బరు బిరడాలు కొట్టి, సైకిల్ పంపుతో 10 పీఎస్ఐ గాలి ఎక్కించి నీళ్ళ తొట్టిలో ముంచండి. కంప్రెసర్ గాలి మాత్రం నేరుగా పెట్టవద్దు, ట్యాంకు అతుకు అక్కడికక్కడే విడిపోతుంది. బుడగ వస్తే షాపుకి తిరిగిచ్చేయండి, మీరే టంకం పెట్టుకుంటే వాపసు తీసుకోరు.

బోల్టు రంధ్రాలు 5 నుంచి 8 మి.మీ. తేడాగా ఉండటం ఈ సరుకులో మామూలే. అప్పుడు రేడియేటర్‌ని లాగి, వంచి బోల్టు ఎక్కించకూడదు. అలా బిగిస్తే పక్క బ్రాకెట్ మెలి తిరిగే ఉంటుంది, రోడ్డు అదురుకి ఆ మెలి అంతా పోయి ట్యాంకు అతుకు మీద పడుతుంది, సన్నని చీలిక అక్కడే మొదలవుతుంది. బ్రాకెట్ రంధ్రాన్ని గుండ్రటి ఆకురాయితో పొడవుగా చేసి, పెద్ద వాషర్ వేయండి. బ్రాకెట్‌కీ బాడీకీ మధ్య 3 మి.మీ. రబ్బరు ముక్క పెట్టండి, పాత ట్యూబు కోసినా చాలు. అన్ని బోల్టులూ రెండు చుట్లు మాత్రమే తిప్పి వదిలి, పై పైపు, కింది పైపు ఎక్కించి, రేడియేటర్ తనంతట తాను సర్దుకున్నాకే బిగించాలి. పైపు బిర్రుగా ఉంటే చివర 10 మి.మీ. కోయండి. కొత్త గొట్టం అంచున ఉబ్బు ఉందో లేదో చూడండి, నున్నగా ఉంటే క్లిప్ ఎంత బిగించినా పైపు జారి ఊడొస్తుంది. రేడియేటర్ షాపులో ఒక చుట్టు రాగి తీగ టంకం పెట్టించుకుంటే సరిపోతుంది.

ఫ్యాన్‌కీ కోర్‌కీ మధ్య దూరం కూడా చూడాలి. మూడు వరసల కోర్ పాతదానికంటే మందంగా ఉంటే ఆ మేరకు ఇంజన్ వైపు వస్తుంది. కనీసం 20 మి.మీ. ఉండాలి. బ్రేకు కొట్టినప్పుడు ఇంజన్ ముందుకి ఊగుతుంది, ఇంజన్ మౌంటు రబ్బర్లు అణిగిపోయి ఉంటే రెక్క నేరుగా కోర్‌ని గీరుతుంది. కడ్డీతో ఇంజన్‌ని ముందుకి నెట్టి చూసి, దూరం చాలకపోతే ముందు మౌంట్లు మార్చండి. ఫ్యాన్ విప్పితే తిరగేసి బిగించకండి. గాలి దిశ మారదు కానీ రెక్క వంపు తలకిందులై గాలి బాగా తగ్గిపోతుంది. బెల్టు పొడవైన వైపు మధ్యలో బొటనవేలితో నొక్కితే 13 మి.మీ. అంటే అర అంగుళం దిగాలి.

థర్మోస్టాట్ పీకకండి. అది లేకపోతే ఇంజన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, చల్లటి సిలిండర్లు త్వరగా అరుగుతాయి. 82 డిగ్రీలది వేయండి. వేసేముందు గిన్నెలో నీళ్ళు మరిగించి అందులో వేలాడదీసి తెరుచుకుంటోందో లేదో చూడాలి. దాని రేకుకి గాలి పోవడానికి చిన్న రంధ్రం లేకపోతే 3 మి.మీ. డ్రిల్లుతో ఒకటి వేసి, ఆ రంధ్రం పైకి ఉండేలా కూర్చోబెట్టండి.

డైనమో22

మూత గురించి నేను చెప్తాను. 7 పీఎస్ఐ మూతతో మామూలు నీళ్ళు దాదాపు 111 డిగ్రీల దగ్గర మరుగుతాయి, 13తో 119 దాకా తట్టుకుంటాయి. వినడానికి 13 మంచిదే అనిపిస్తుంది. కానీ మీ వాటర్ పంపు సీలు, హీటర్ ఉంటే దాని కోర్, పాత హోస్‌లు అన్నీ 7కి అలవాటు పడ్డవి. ఇంజన్ ఆరోగ్యంగా ఉంటే 7తో మరిగే వేడి దాకా పోనేపోదు. పాతదాని మీద ఉన్న అంకే పెట్టండి.

అంకె కంటే మోసం చేసేది గొంతు లోతు. మూత కూర్చునే గొంతు పై అంచు నుంచి లోపల రబ్బరు ఆనే మెట్టు దాకా కొలవండి. కొన్ని 19 మి.మీ. ఉంటాయి, పాత బ్రిటిష్ తరహావి 25 మి.మీ. ఉంటాయి. లోతు గొంతుకి పొట్టి మూత పెడితే రబ్బరు మెట్టుని తాకదు, ఒత్తిడి అసలు నిలవదు, బండి చల్లటి నీళ్ళే కక్కుతూ ఉంటుంది. జనం దాన్ని హెడ్ గాస్కెట్ (ఇంజన్ బ్లాక్‌కీ పై మూతకీ మధ్య ఉండే సీలు) పోయిందనుకుని ఇంజన్ విప్పేస్తారు. పొట్టి గొంతుకి పొడుగు మూత పెడితే స్ప్రింగు ముందే అణిగిపోయి, 7 రాసి ఉన్న మూత అంతకంటే ఎక్కువ ఒత్తిడికి గానీ తెరుచుకోదు.

సందేహం తీరాలంటే కుంకుమ రెండు చుక్కల నూనెలో కలిపి మూత రబ్బరు మీద పల్చగా రాయండి. మూత బిగించి, తీసి, మెట్టు మీద చూడండి. ఎర్ర వలయం తెగకుండా పూర్తిగా పడిందంటే మూత సరిగ్గా ఆనుతోంది. ఒక పక్కే పడితే గొంతు వంకరగా అతికించారు, ఆ రేడియేటర్ వెనక్కి ఇచ్చేయండి. పరీక్ష అయ్యాక గుడ్డతో శుభ్రంగా తుడవండి.

ఎలాగూ ఎవరో ఒకరు ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టుకోమంటారు. మీ బండికి ఇంకా బ్యాటరీ ఛార్జ్ చేసే పాత లూకాస్ సీ40 డైనమో ఉంటే ఆ మాట పక్కన పెట్టండి. దాని సత్తా మొత్తం 22 ఆంపియర్లు, అదీ రేస్‌లో. ఫ్యాన్ ఒక్కటే 8 నుంచి 12 లాగుతుంది. రాత్రి హెడ్‌లైట్లు వేసి ట్రాఫిక్‌లో ఆగితే బ్యాటరీ దిగిపోతుంది. దాని బదులు ఆల్టర్నేటర్ ఉంటే సరే, రిలే పెట్టి, ఫ్యాన్‌ని ఫ్రేముకి బిగించండి. కోర్ మధ్యలోంచి ప్లాస్టిక్ కట్లు దూర్చే పద్ధతిలో ట్యూబు అరిగి చిల్లు పడుతుంది.

పాతబండి_గుంటూరు

చాలా థాంక్స్ అన్నలూ. కోర్ మార్పించడానికి పాత ట్యాంకులు పనికిరావన్నారు, పై ట్యాంకు కూడా పల్చబడిందట. ఇత్తడి మూడు వరసలది తెచ్చాను. గొంతు లోతు 25 ఉంది, పాత మూత సరిపోయింది, కుంకుమ వలయం పూర్తిగా పడింది. ఫ్యాన్ దూరం 23 మి.మీ. వచ్చింది. ఇక కూలెంట్ ఏది, ఎంత? మా బోరు నీళ్ళు పోయొచ్చా?

ఇత్తడిట్యాంకు

బోరు నీళ్ళు వద్దే వద్దు. మీ ఇంట్లో నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా కట్టే సున్నపు పొర చూడండి, ట్యూబుల్లో కట్టేదీ అదే. బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ తీసుకోండి. కూలెంట్ ఇథిలీన్ గ్లైకాల్ రకం, పాత ఇత్తడి రేడియేటర్లకి పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్నది కొనండి. మూడో వంతు కూలెంట్, రెండు వంతుల నీళ్ళు. మన దగ్గర నీళ్ళు గడ్డకట్టే భయం లేదు, సగానికి సగం కలపనక్కర్లేదు. గ్లైకాల్ ఎక్కువైతే మిశ్రమం వేడిని మోసే శక్తి కూడా కొంత తగ్గుతుంది. రెడీమిక్స్ డబ్బా అయితే మళ్ళీ నీళ్ళు కలపకండి.

పై హోస్‌లో, రేడియేటర్ వైపు చివర, పాత నైలాన్ మేజోడు ముక్కని సంచిలా పెట్టి అంచుని క్లిప్ కింద ఇరికించండి. బ్లాక్‌లో మిగిలిన తుప్పు అందులో పడుతుంది. 50 కిలోమీటర్లకి ఒకసారి తీసి కడిగి, 200 అయ్యాక పూర్తిగా తీసేయండి. మరిచిపోతే అదే అడ్డుకట్ట అవుతుంది.

బీసిరీస్

పోసే పద్ధతి: బండి ముందు భాగం కాస్త ఎత్తుగా ఉంచండి, హీటర్ ఉంటే దాని కుళాయి తెరవండి. సన్నటి ధారగా పోస్తూ పై పైపుని చేత్తో పిసుకుతూ ఉంటే గాలి గుడగుడమని బయటికొస్తుంది. మూత లేకుండానే స్టార్ట్ చేసి, థర్మోస్టాట్ తెరుచుకుని పై పైపు ఒక్కసారిగా వేడెక్కేదాకా ఆగండి. మట్టం పడిపోతుంది, మళ్ళీ పోసి మూత పెట్టండి. పూర్తిగా చల్లారాక ఇంకోసారి చూడాలి. వేడి మీద మూత జోలికి పోవద్దు.

మట్టం గొంతు దాకా కాదు, గొంతు కంటే 25 మి.మీ. కిందకి ఉండాలి. పక్కన సీసా లేని రేడియేటర్‌లో నీళ్ళు వ్యాకోచించడానికి చోటు ఆ ఖాళీయే. నిండా పోస్తే మొదటి రోజు అర గ్లాసు కక్కి తనకి కావాల్సిన మట్టం దగ్గర ఆగుతుంది. మీరు రోజూ పొద్దున్నే నింపితే రోజూ కక్కుతుంది, అది లీకు కాదు. మట్టం ట్యూబుల నోళ్ళ కంటే కిందకి దిగినప్పుడే వెతకండి.

వంద కిలోమీటర్లు తిరిగాక హోస్ క్లిప్పులు చల్లగా ఉన్నప్పుడు ఒక పావు చుట్టు బిగించండి, కొత్త రబ్బరు అణుగుతుంది. బ్రాకెట్ బోల్టులు మాత్రం చేత్తో కదిపి చూసి వదిలేయండి, వదులైతేనే తిప్పాలి.