అప్‌డేట్: హెడ్‌లైన్స్‌తో ఏ క్రియలు వాడాలి?

స్పీకింగ్ టెస్ట్‌లో వార్తల గురించి అడిగితే హెడ్‌లైన్స్ అనే మాటతో ఏ ఇంగ్లిష్ క్రియలు వాడాలని మొన్న అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. ‘మేక్ హెడ్‌లైన్స్’ దాదాపు ఎక్కడైనా సరిపోతుంది. ఉన్నట్టుండి వార్తల్లోకెక్కితే ‘హిట్ ద హెడ్‌లైన్స్’, ఇందులో ‘ద’ వదలకూడదు. రోజుల తరబడి అదే వార్తయితే ‘డామినేట్’.

బాగా తిప్పలు పెట్టింది ‘బ్రేక్’. ‘ద న్యూస్ బ్రోక్’ అంటే వార్త బయటికొచ్చింది అని. ‘బ్రేక్ ద న్యూస్ టు హర్’ అంటే ఆమెకు ఆ సంగతి చెప్పడం, అదీ ఎక్కువగా చెడ్డ కబురే. మన టీవీల్లో రోజంతా నడిచే బ్రేకింగ్ న్యూస్ సంగతి వదిలేద్దాం!

‘బ్యానర్ హెడ్‌లైన్’కి ఒకరిచ్చిన ఉదాహరణ భలే నచ్చింది. అమెరికా అధ్యక్ష ఎన్నికల మర్నాడు, 1948 నవంబర్ 3న, అక్కడి పత్రిక షికాగో ట్రిబ్యూన్ పేజీకి అడ్డంగా, పెద్ద అక్షరాల్లో ‘డ్యూయీ డిఫీట్స్ ట్రూమన్’ (ట్రూమన్‌ని డ్యూయీ ఓడించాడు) అని వేసింది. తీరా గెలిచింది ట్రూమన్! అయిపోయిన సంగతికీ హెడ్‌లైన్‌లో వర్తమాన కాలమే వాడతారని కూడా దాంతోనే అర్థమైంది. ఇప్పుడు రోజూ ఒక వార్త తీసుకుని వీటితోనే మాట్లాడుతున్నా. టెస్ట్ వచ్చే వారం.