నాన్న స్లీప్ టెస్ట్ నార్మల్ వచ్చింది, కానీ రికార్డయింది మూడు గంటలు కూడా లేదు

నాన్నకి 58 ఏళ్లు, షుగర్ వచ్చి 12 ఏళ్లు, బీపీ కూడా ఉంది. 98 కేజీలు, ఎత్తు 170 సెంటీమీటర్లు, అంటే బీఎంఐ 34 దగ్గర. మందులు టైమ్‌కే వేసుకుంటున్నా హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 8.4 నుంచి దిగట్లేదు. గురక సంగతి పక్కింటోళ్లకి కూడా తెలుసు. అమ్మ చెప్పేదేంటంటే రాత్రి రెండు మూడు మధ్యలో గురక ఆగిపోయి, ఊపిరే లేనట్టు ఉండి, ఒక్కసారిగా ఉలిక్కిపడి గాలి పీల్చుకుంటారట. మూత్రానికి మూడుసార్లు లేవడం, పొద్దున్నే తలనొప్పి, టీవీ ముందు కూర్చుంటే ఐదు నిమిషాల్లో కునుకు.

షుగర్ డాక్టర్‌ని అడిగితే బరువు తగ్గితే అన్నీ పోతాయన్నారు, అంతే. పక్కకి తిప్పి పడుకోబెట్టాం, భోజనం 7:30కే పెట్టేస్తున్నాం, తేడా లేదు. స్లీప్ అప్నియా (నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు) రిస్క్ చూసే స్టాప్‌బ్యాంగ్ ప్రశ్నలు నేనే వేసి చూస్తే 8కి 7 వచ్చాయి (మెడ 43 సెంటీమీటర్లు), బీఎంఐ 35 దాటలేదు కాబట్టి అదొక్కటే మిగిలింది. వేలికి ఆక్సీమీటర్ పెట్టి కూర్చుంటే రాత్రి రెండుంపావుకి 84కి పడి మళ్లీ 95కి వచ్చింది.

భయమేసి ఇంటికే మెషిన్ తెప్పించి స్లీప్ టెస్ట్ చేయించా. రిపోర్ట్‌లో ఏహెచ్‌ఐ (గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగింది లేదా తగ్గింది అన్న లెక్క) 4, నార్మల్ అని రాశారు. కానీ ముక్కు దగ్గర ట్యూబ్ ఊడిపోయి రికార్డయింది 2 గంటల 50 నిమిషాలే, అదీ పక్కకి పడుకుని ఉన్నప్పుడు. ఇప్పుడేమో ఆయన "నార్మల్ వచ్చిందిగా, ఇంకెందుకు" అంటున్నారు, మహా అయితే ఇంకొక్కసారి ఒప్పించగలను.

ఇలా సగం రికార్డింగ్‌తో నార్మల్ వచ్చినవాళ్లు మళ్లీ ఇంట్లోనే టెస్ట్ చేయించుకున్నారా, లేక నేరుగా ల్యాబ్‌లో రాత్రంతా పడుకోబెట్టి చేసే పాలీసోమ్నోగ్రఫీకే వెళ్లారా?