టర్బో నత్తలు ఒక్కొక్కటే పోతున్నాయి, చంపేది ఏదో చెప్పండి

నాగావళి_రీఫ్ (శ్రీకాకుళం):

అందరికీ నమస్కారం. నాది 200 లీటర్ల ఉప్పునీటి ట్యాంక్, పెట్టి 14 నెలలైంది. రెండు క్లౌన్ చేపలు, ఒక గోబీ చేప, కొన్ని జోయాంథస్‌లు (పువ్వుల్లా విచ్చుకునే పగడపు జాతి జీవులు), మష్రూమ్ కోరల్స్ ఉన్నాయి. ఉప్పు (నీటి సాపేక్ష సాంద్రత) 1.025 దగ్గర నిలకడగా ఉంది. పాచి మేయడానికి 5 టర్బోలు, ఇసుకలో మిగిలిన మేత తినడానికి 6 నసారియస్ నత్తలు వేశాను. మూడు వారాల్లో 3 టర్బోలు పోయాయి. పొద్దున్నే లేచి చూస్తే గుల్ల వెల్లకిలా పడి ఉంటుంది, లోపల కడిగి పెట్టినట్టు ఖాళీ. దాని గుండ్రటి మూత మాత్రం చొక్కా గుండీలా పక్కన ఇసుకలో పడి ఉంటుంది.

నా అనుమానం నసారియస్‌ల మీదే. నిన్న రొయ్య ముక్క వేస్తే నిమిషంలో ఆరూ తొండాలెత్తుకుని ఇసుకలోంచి లేచి దాని మీద పడ్డాయి. చూస్తే భయమేసింది. మూడో టర్బో పోయిన రోజు దాని మీద రెండు ఎక్కి ఉండటం కళ్లారా చూశాను కూడా. ఆరింటినీ ఏరి, ట్యాంక్ నీళ్లు పోసిన బకెట్‌లో పెట్టాను. రేపు పారేద్దామనుకుంటున్నాను.

ఇంకో రెండు విషయాలు. రెండు నెలల కిందట వైజాగ్‌లో ఒకరి దగ్గర కొన్న రాతితోపాటు గోధుమరంగు నత్త ఒకటి వచ్చింది. మందపాటి పెంకు, ఒంటినిండా బొడిపెలు. పగలంతా రాతి సందులోనే కదలకుండా ఉంటుంది, అందుకని పట్టించుకోలేదు. మిగిలిన రెండు టర్బోల గుల్లల మీద తెల్లగా నూకల్లాంటివి అంటుకుని ఉన్నాయి. ఏది ఉంచాలో ఏది తీసేయాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

ఉప్పునీటి_మాస్టారు (విజయనగరం):

బాబూ, ముందు ఆ బకెట్‌లో గాలి పంపు పెట్టు. నసారియస్‌లను పారేయకు.

నేను జంతుశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. అంత చదువుకుని కూడా ఏడేళ్ల కిందట నువ్వు చేయబోయే పనే చేశాను. చచ్చిన ట్రోకస్ నత్త మీద నసారియస్‌లు కనబడితే అవే చంపాయనుకుని ఉప్పు లేని మంచినీళ్లలో వేసి చంపేశాను. ఆ తర్వాత కూడా ట్రోకస్‌లు చచ్చాయి. పైగా శవాన్ని తినేవాళ్లు లేక నీళ్లు తెల్లబారి కంపు కొట్టాయి. చంపేది రాతి అడుగున హాయిగా ఉంది. ఆ నసారియస్‌లు తలపుకొస్తే ఈనాటికీ బాధగా ఉంటుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నత్తను చేతిలోకి తీసుకుంటే రంగు, అందం చూడకు. తిప్పి గుల్ల నోరు చూడు. టర్బోకి, ట్రోకస్‌కి నోటి అంచు ఎక్కడా తెగకుండా గుండ్రంగా తిరిగి వస్తుంది. అవి పాచి గీరుకుని తినేవి. నోటి కింది కొసన ఉగ్గుగిన్నె మూతిలాగా ఒక గాడి ఉందంటే అందులోంచి తొండం బయటికి వస్తుందన్నమాట. నీళ్లలో వాసన పట్టడానికి ఆ తొండం. మాంసం తినేవాటిలో ఎక్కువ వాటికి ఇది ఉంటుంది.

అయితే గాడి కనబడగానే తీర్పు చెప్పేయకూడదు, నేను తప్పిందే అక్కడ. నసారియస్‌కీ గాడి ఉంది, కానీ ఈ ట్యాంకుల కోసం అమ్మే రకాలు చచ్చినదాన్ని తింటాయి, బతికున్న టర్బో జోలికి పోవు. స్క్రూ మేకులా పొడవుగా ఉండే సెరిత్ నత్తకీ చిన్న గాడి ఉంటుంది. అది పాపం పాచి తిని బతుకుతుంది. నసారియస్‌ను గుర్తుపట్టడానికి ఒక సులువు చెబుతాను. అద్దం మీద పాకేటప్పుడు వెనక నుంచి పాదం చివర చూడు, పాము నాలుకలా రెండుగా చీలి ఉంటుంది. బకెట్‌లో ఉన్నవాటికి అది కనబడితే ఈ రాత్రే ఇసుకలోకి వదిలెయ్. నువ్వు చూసిన ఆ రెండూ శవం దగ్గరికి వచ్చినవే.

నాకు ఆ బొడిపెల నత్త మీదే అనుమానం. పగలు కదలనిది రాత్రి కదులుతుంది. దీపాలు ఆర్పిన గంట తర్వాత, టార్చికి ఎర్ర రంగు కాగితం చుట్టి చూడు. ఖాళీ గుల్లలు ఉంచావు కదా? వాటిని వెలుతురుకి ఎత్తి పట్టి బెజ్జం ఉందేమో చూడు. ఇంకో మాట, నీ ట్యాంక్ వేడి ఎంత? టర్బోల్లో మెక్సికో నుంచి వచ్చే రకం ఒకటి ఉంది, దానికి చల్లటి నీళ్లు అలవాటు. మన ఎండల్లో కరెంటు పోయి నీళ్లు 30 డిగ్రీలు దాటితే అది తనంతట తనే పోవచ్చు.

నాగావళి_రీఫ్:

మాస్టారూ, మీ మాటతో ప్రాణం లేచొచ్చింది. ఆరింటికీ తోక చీలే ఉంది. అన్నిటినీ వదిలేశాను, వదిలిన వెంటనే ఇసుకలో కూరుకుపోయాయి. నీళ్ల వేడి 27. రెండు గుల్లలకు ఏమీ లేదు. మూడోదానికి మాత్రం నోటికి కాస్త పైన గుండుసూది తలంత బెజ్జం ఉంది, డ్రిల్లు పెట్టినట్టు నున్నగా. మరి రెండింటికి లేదంటే అవి వేరే కారణంతో పోయినట్టా?

కళింగపట్నం_తీరం:

తమ్ముడూ, ఆ బెజ్జం పక్కలు ఎలా ఉన్నాయో భూతద్దంతో చూడు. మా ఒడ్డున ఇసుకలో చిన్న ఆల్చిప్పలు దొరుకుతాయి, వాటిలో చాలావాటికి బెజ్జం ఉంటుంది. చిన్నప్పుడు మా అక్కలు వాటికి దారం ఎక్కించి దండలు చేసుకునేవాళ్లు. సముద్రమే బెజ్జం వేసి ఇచ్చిందనుకునేవాళ్లం. అది మూన్ స్నెయిల్ అనే నత్త పనని ట్యాంక్ పెట్టాకే తెలిసింది. ఇసుక లోపలే నడిచి, ఆల్చిప్పను పాదంతో చుట్టేసి, కొంచెం రసం పోసి మెత్తబరిచి, కొంచెం నాలుకతో గీరి తొలుస్తుంది. గంటల తరబడి పడుతుంది. ఆ బెజ్జం పైన వెడల్పుగా, లోపలికి సన్నంగా గరాటులా ఉంటుంది. మ్యూరెక్స్ అనే వేటాడే నత్తల జాతివాళ్లు తొలిస్తే పక్కలు నిలువుగా ఉంటాయి.

ఇంకోటి, ఒడ్డునో వలల దగ్గరో దొరికిన నత్తల్ని ట్యాంక్‌లో వేయకండి. ముఖ్యంగా కోన్ ఐస్‌క్రీమ్ ఆకారంలో ఉండి నోరు సన్నటి చీలికలా ఉంటే బతికున్నదాన్ని చేత్తో ముట్టుకోవద్దు. కోన్ నత్త విషపు ముల్లుతో పొడుస్తుంది. కొన్ని జాతుల కాటుకి మనుషులు చనిపోయారు, విరుగుడు మందు లేదు. జీవమున్న గట్టి కోరల్స్ కూడా సముద్రంలోంచి తీయకూడదు, వన్యప్రాణి చట్టం కింద నేరం.

నాగావళి_రీఫ్:

పక్కలు నిలువుగానే ఉన్నాయి అన్నా. రాత్రి పదకొండున్నరకి చూశాను. బొడిపెలది సందులోంచి దిగి నాలుగో టర్బో మీద కూర్చుని ఉంది. టర్బో మూత బిగించుకుని ఉంది, ఇంకా బతికే ఉంది. విడదీసి, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో ట్యాంక్ నీళ్లు పోసి ఆ నత్తను పెట్టాను.

ఉప్పునీటి_మాస్టారు:

భేష్. అది మ్యూరెక్స్ కుటుంబానిదే. ఇవి ఎప్పుడూ పెంకు తొలవక్కర్లేదు, గుల్ల నోట్లోంచి కూడా తమ నోటి గొట్టం దూర్చి తినగలవు. బెజ్జం లేని రెండు గుల్లలూ దీని పనే అయ్యుండొచ్చు. దాన్ని సముద్రంలో మాత్రం వదలకు. ఏ సముద్రం నుంచి వచ్చిందో తెలియదు. స్థలం ఉంటే విడిగా చిన్న తొట్టిలో ఉంచి, వారానికి రెండుసార్లు ఆల్చిప్ప మాంసం పెట్టు. దాని తిండి అది, దాని తప్పేం లేదు. రాతిలో ఇంకొకటి ఉందేమో తెలియాలంటే ఓ వారం పాటు రాత్రుళ్లు రొయ్య ముక్క పెట్టి చూడు.

ఇక ఆ నూకల సంగతి. గుండ్రంగా బఠాణీలా ఉండి, రాళ్ల మీదా తిరుగుతుంటే అది కొలనిస్టా, పాచి తినే మంచి నత్త. నూకగింజలా పొడవుగా, మొన తేలి, తెల్లగా రెండు మూడు మిల్లీమీటర్లు ఉండి, రాత్రిపూట టర్బో నోటి అంచు దగ్గరే గుంపుగా చేరితే అవి పిరమిడెల్లిడ్‌లు. టర్బో ఒంట్లోకి సన్నటి గొట్టం దించి రసం పీలుస్తాయి. టర్బోను విడిగా ట్యాంక్ నీళ్లలోనే పెట్టి, మెత్తటి టూత్‌బ్రష్‌తో అంచులు రుద్ది, ఆ నీళ్లు పారబోయి. కుళాయి నీళ్లు తగలనివ్వకు. గుల్ల మీద జిగురు మచ్చల్లాంటివి ఉంటే అవి గుడ్లు, అవీ గీరెయ్. వారానికోసారి, ఒక నెల పాటు చేయాలి.

నీకు జోయాంథస్‌లు ఉన్నాయి కాబట్టి, నలుపు తెలుపు గళ్లతో బిళ్లలా చుట్టుకున్న నత్త కనబడితే వెంటనే తీసెయ్. అది సన్‌డయల్, జోయాంథస్‌లనే తింటుంది. చూడ్డానికి మాత్రం అన్నిటికంటే అందంగా ఉంటుంది.

నాగావళి_రీఫ్:

ఇప్పుడే రుద్దాను మాస్టారూ. ఒక టర్బో మీద పదకొండు, ఇంకోదాని మీద నాలుగు. అన్నీ మొన తేలినవే. తెల్ల గిన్నెలో అడుగున కూర్చుంటే నిజంగా బియ్యం కడిగిన గిన్నెలా ఉంది. నాలుగో టర్బో మధ్యాహ్నానికి మూత తెరిచి, వెనక అద్దం ఎక్కడం మొదలుపెట్టింది.