తక్కువ స్థాయి రేడియోధార్మిక చెత్త: బిల్లు ఎవరి నెత్తిన?

పాతలెక్కలు:
అణు రియాక్టర్లలో వాడేసిన ఇంధన కడ్డీల గొడవ ఇక్కడికి తేవద్దు, అది వేరే రామాయణం. నేను అడిగేది తక్కువ స్థాయి చెత్త గురించి. వాడేసిన గ్లౌజులు, ఫిల్టర్లు, తుడిచిన గుడ్డలు, పాత పంపుల ముక్కలు, నీటిని శుద్ధి చేసిన రెజిన్ పూసలు. ప్రపంచంలో రేడియోధార్మిక వ్యర్థాల పరిమాణంలో దాదాపు 90 శాతం ఇదే. మొత్తం రేడియోధార్మికతలో దీని వాటా మాత్రం సుమారు 1 శాతం. అంటే తీవ్రత తక్కువ, చోటు ఎక్కువ. చోటంటే డబ్బు.

నా వాదన సూటిగా చెప్తాను. చెత్త చేసినవాడే కట్టాలి, చివరి పైసా దాకా. కరెంటు అమ్ముకున్నప్పుడు లాభం వాడిది, డ్రమ్ము పూడ్చేటప్పుడు బిల్లు జనానిదీ అయితే అది అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టే.

హాట్‌ల్యాబ్:
చెత్త చేసినవాడు అనగానే మీకు రియాక్టరే కనిపిస్తోంది. నేను ఆస్పత్రిలో న్యూక్లియర్ మెడిసిన్‌లో, అంటే రేడియోధార్మిక మందులతో స్కాన్లు, చికిత్స చేసే విభాగంలో పనిచేస్తాను. ఆ లెక్కన మేమూ ముద్దాయిలమే.

టెక్నీషియం-99ఎమ్ సిరంజీలను సీసం రేకు తాపిన డబ్బాలో వేస్తాం. సంచి మీద తేదీ, ఐసోటోపు పేరు రాస్తాం. దాని అర్ధాయువు, అంటే రేడియోధార్మికత సగానికి తగ్గే సమయం, 6 గంటలు. పది అర్ధాయువులు గడిస్తే వెయ్యో వంతు కూడా మిగలదు, అంటే రెండున్నర రోజుల పని. అయోడిన్-131 అయితే 8 రోజులు కాబట్టి దాదాపు మూడు నెలలు గదిలో ఉంచాలి. తర్వాత మీటరు పెట్టి చూస్తాం. గదిలో మామూలుగా ఉండే రీడింగే వస్తే హెచ్చరిక లేబుల్ చించేసి (ఇది మర్చిపోయారో, చెత్తబండి దగ్గర పెద్ద రభస) మామూలు ఆస్పత్రి చెత్తతో పంపేస్తాం. దీనికి తాళం వేసిన గదీ, ఓపికా చాలు.

చిక్కంతా మిగతాదానితో. మా బీరువాలో ఒక సీసం కుండ ఉంది. లోపల సీజియం-137 సోర్స్, అంటే ఆ పదార్థం నింపి మూసిన గుళిక, చిటికెన వేలి గోరంత. ఏనాడో ఒక పరికరంతో పాటు వచ్చింది. పరికరం పోయింది, అమ్మినవాళ్లూ దుకాణం కట్టేశారు. అర్ధాయువు 30 ఏళ్లు. దాన్ని తీసుకెళ్లడానికి అడిగిన ధర చూసి మా పైవాళ్లు "బీరువాలోనే ఉండనివ్వండి" అన్నారు. అప్పటి నుంచి ఏటా నేను కుండ మూత తీయకుండానే మీటరు పెట్టి, "ఉంది" అని రాసి సంతకం పెడుతున్నాను. మీ చివరి పైసా సూత్రం ఇలాంటి బీరువాలను పెంచుతుందండీ.

పాతలెక్కలు:
ఆస్పత్రులకు రాయితీ ఇవ్వండి, ఎవరొద్దన్నారు? ఒక కుండ కోసం సూత్రాన్నే వదిలేస్తామా?

మడతకుర్చీ:
రాయితీ ఇచ్చేది ఎవరండీ? తిరిగి తిరిగి మా జేబు దగ్గరికే వచ్చారు.

వానగట్టు:
కట్టాలి అనేముందు, కట్టేవాడు ఎన్నాళ్లు ఉంటాడో చూసుకోండి.

అమెరికాలోని కెంటకీలో మాక్సీ ఫ్లాట్స్ అని ఈ చెత్త పూడ్చిన ఒక చోటుంది. 1963లో తెరిచారు. కందకాలు తవ్వి, డ్రమ్ములు, పెట్టెలు దించి, పైన మట్టి కప్పారు. మట్టి కుంగింది, వాననీరు లోపలికి దిగింది. అడుగున నేల నీటిని పీల్చుకునే రకం కాదు. కందకాలు తొట్టెల్లా నిండాయి. 1977లో మూసేశారు, 1986లో సూపర్‌ఫండ్ జాబితాకెక్కింది, అంటే అక్కడి కేంద్ర ప్రభుత్వం శుభ్రం చేయించాల్సిన విషపు స్థలాల జాబితా. నడిచింది 14 ఏళ్లు, ఆ తర్వాత నీళ్లు తోడటం, పైకప్పు వేయడం దశాబ్దాల పని. చెత్త పంపినవాళ్ల దగ్గర డబ్బు రాబట్టిన మాట నిజమే. కానీ పంపినవాళ్లలో ప్రభుత్వ శాఖలే పెద్ద తలకాయలు!

నెవాడాలో బియటీ అనే పూడ్చే కేంద్రం 1992లోనే మూతబడింది. 2015 అక్టోబరులో జోరువాన పడి, ఎప్పుడో పాతిపెట్టిన సోడియం లోహానికి తడి తగిలి మంటలు లేచాయి. డ్రమ్ములు నేలలోంచి ఎగిరిపడ్డాయి. సర్దుకోవాల్సి వచ్చింది రాష్ట్ర ప్రభుత్వం, ఎందుకంటే స్థలం దానిది. అమెరికా నిబంధనలే చెబుతాయి, ఈ చెత్త పూడ్చే నేల ప్రభుత్వ సొంతమై ఉండాలని. ఫ్రాన్సులో లా మాంష్ కేంద్రం 1994 దాకా పాతికేళ్లలో సుమారు 5,27,000 ఘనపు మీటర్లు తీసుకుంది. దాని మీద నిఘా 300 ఏళ్లకు లెక్కేశారు. అదీ సీజియం పది అర్ధాయువుల లెక్కే. 300 ఏళ్లు నిలబడే కంపెనీ ఉంటే పేరు చెప్పండి, నేనూ షేర్లు కొంటాను.

చక్రవడ్డీ:
కంపెనీ ఉండక్కర్లేదు, దాని డబ్బు ఉంటే చాలు. ముందే నిధి కట్టించుకోవాలి. కిటుకు వడ్డీ రేటులో ఉంది. వందేళ్ల తర్వాత కోటి ఖర్చు వస్తుందనుకోండి. నిధి ఏటా 5 శాతం పెరుగుతుందని రాసుకుంటే ఈరోజు సుమారు 76 వేలు చాలు. 2 శాతమే అనుకుంటే 13 లక్షల 80 వేలు కావాలి. అదే డ్రమ్ము, అదే గొయ్యి, బిల్లు పద్దెనిమిది రెట్లు. ఆ ఒక్క అంకె ఎవరు వేస్తున్నారో పట్టుకుంటే ఈ తగువులో సగం తేలిపోతుంది. కట్టేవాడి మనిషే వేస్తే 5 వేస్తాడు.

హాట్‌ల్యాబ్:
నిధికి నేను వ్యతిరేకిని కాను. కానీ వసూలు ఎప్పుడన్నది ముఖ్యం. పారేసేటప్పుడు గుంజితే జనం పారేయడం మానేస్తారు, దాచుకుంటారు. అమెరికాలోనే దక్షిణ కరోలినాలో బార్న్‌వెల్ అనే పూడ్చే కేంద్రం 2008 జులై నుంచి మూడు రాష్ట్రాల చెత్తే తీసుకుంటానంది. దాంతో 36 రాష్ట్రాల ఆస్పత్రులు, యూనివర్సిటీలకు కాస్త ఘాటైన చెత్త పంపే చోటే లేకపోయింది. టెక్సస్‌లో కొత్తది 2012లో తెరిచేదాకా చాలామంది దగ్గర అది అలాగే పడి ఉంది. అక్కడ అడ్డు ధర కాదు, మూసిన గేటు. అయినా ఫలితం ఒకటే: మా బీరువా.

బీరువాలు ఎక్కడికి దారితీస్తాయో చెప్పనా? 1987, బ్రెజిల్‌లోని గొయానియా. ఖాళీ చేసిన క్లినిక్కులో వదిలేసిన రేడియోథెరపీ యంత్రం. ఇనుప సామాను అనుకుని విప్పారు. లోపల 93 గ్రాముల సీజియం క్లోరైడు, చీకట్లో నీలంగా మెరిసే పొడి. చేతులు మారింది. నలుగురు చనిపోయారు, లక్షకు పైగా మందిని పరీక్షించాల్సి వచ్చింది. ఇళ్లు కూల్చి, మట్టి తవ్వి పోగేసిన చెత్త సుమారు 3,500 ఘనపు మీటర్లు. గుప్పెడు పొడి! అది తక్కువ స్థాయి సరుకు కాదు, నాకు తెలుసు. కానీ వదిలేసిన తీరు మాత్రం మా కుండదే. గోటితో పోయేదానికి గొడ్డలి అంటే ఇదే. ఆ గొడ్డలి ఖర్చు ఏ కంపెనీ ఖాతాలోకి వెళ్తుంది?

మడతకుర్చీ:
సరే, నాకూ కొంచెం భయమేసింది.

పాతలెక్కలు:
నేను ఒక మెట్టు దిగుతాను, రెండు కాదు. పారేసేటప్పుడు కాకుండా కొనేటప్పుడే, లేదా కరెంటు అమ్మిన ప్రతి యూనిట్ మీదా డిపాజిట్టు తీసుకోవాలి. తిరిగి అప్పగిస్తే వెంటనే వాపసు. అప్పుడు హాట్‌ల్యాబ్ గారి కుండకి కాళ్లొస్తాయి. రియాక్టర్ల విషయంలో జర్మనీ 2017లో చేసింది నాకు నచ్చీ నచ్చనట్టుంది. అణు కంపెనీల దగ్గర 24.1 బిలియన్ యూరోలు ఒక్కసారిగా తీసుకుని, చెత్త బాధ్యత ప్రభుత్వమే నెత్తికెత్తుకుంది. అంచనా తప్పితే ఎలా అని సుమారు 35 శాతం రిస్కు అదనంగా వేశారు. ఆ 35 సరిపోతుందా అన్నదే ప్రశ్న. సరిపోకపోతే మళ్లీ కంపెనీల తలుపు తట్టే వీల్లేదు.

వానగట్టు:
అదే దేశంలో ఆస్సే ఉప్పుగని కూడా ఉంది. 1967 నుంచి 1978 దాకా సుమారు 1,26,000 డ్రమ్ములు దించారు. ఇప్పుడు గనిలోకి రోజుకు 12 ఘనపు మీటర్ల దాకా ఉప్పునీరు ఊరుతోంది. 2013లో చట్టం చేసి మరీ అన్నీ పైకి తీయాలన్నారు, ఖర్చు కేంద్ర ఖజానాది. వాటికి డిపాజిట్టు ఎవరి దగ్గర తీసుకుంటారు పాతలెక్కలు గారూ, 1967లోకి వెళ్లి?

పాతలెక్కలు:
వాటికి జనమే. అక్కడ నాకు వాదన లేదు. కానీ జనమే కడుతున్నప్పుడు ఆ లెక్కల పుస్తకం కూడా జనం ముందు పెట్టాలి, వడ్డీ అంకెతో సహా.

హాట్‌ల్యాబ్:
ఈ ఏడాది సంతకం వచ్చే నెలలో. మీ డిపాజిట్టు ఐడియా కాగితం మీద పెట్టి పైవాళ్లకు ఇస్తాను. ఏమంటారో ఇక్కడే రాస్తా.