లివర్ చెడింది మందు తాగడం వల్లా, డీఎంఎఫ్ వల్లా?

రియాక్టర్_తమ్ముడు: మా బావ ఆరేళ్లుగా జీడిమెట్ల వైపు ఓ బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) కంపెనీలో కాంట్రాక్టు మీద డీఎంఎఫ్ (డైమిథైల్ ఫార్మమైడ్ అనే సాల్వెంట్) డ్రమ్ములు ఛార్జింగ్ చేస్తున్నాడు, అంటే రియాక్టర్‌లో పోస్తున్నాడు. కళ్లు పచ్చబడ్డాయి. లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైములు బాగా ఎక్కువున్నాయి: ఎస్‌జీపీటీ 312, ఎస్‌జీఓటీ 140. హెపటైటిస్ బి, సి నెగెటివ్. కంపెనీ డాక్టర్ చీటీ మీద ‘మందు మానాలి’ అని రాసి పంపేశాడు. ఆదివారం రెండు బీర్లు తాగే మనిషి!

పాత_సేఫ్టీ: రెండు బీర్లనే అందరూ చెప్తారు. ఇరవై రెండేళ్లు ప్లాంట్లలో చేశాను. గ్లౌజులు ఇస్తే జేబులో పెట్టుకునేవాళ్లే ఎక్కువ.

చిన్న_చేప: రెండంటే ఆరు 😀

ల్యాబ్_లక్ష్మి: బీర్ల లెక్క ఆపి రిపోర్టు చూడండి. మందు వల్లయితే సాధారణంగా ఎస్‌జీఓటీ ఎక్కువుంటుంది. ఇక్కడ ఎస్‌జీపీటీ రెట్టింపు దాటింది. డీఎంఎఫ్ ఆవిరిగానే కాదు, చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. మామూలు నైట్రైల్ గ్లౌజు దాన్ని ఎంతోసేపు ఆపదు, బ్యూటైల్ రబ్బరుది కావాలి. 1980ల్లో అమెరికాలో బట్టకు పూత వేసే ఫ్యాక్టరీలో 58 మందిని పరీక్షిస్తే 36 మందికి ఈ ఎంజైములు పెరిగి ఉన్నాయి. తమ్ముడూ, తాగితే ఆయన ముఖం ఎర్రబడుతుందా?

రియాక్టర్_తమ్ముడు: అవునక్కా! ఈ మధ్య ఒక గ్లాసుకే ముఖం, మెడ కందిపోతున్నాయి.

ల్యాబ్_లక్ష్మి: డీఎంఎఫ్‌తో పనిచేసేవాళ్లలో కనిపించే గుర్తే అది.

పాత_సేఫ్టీ: ఫ్యాటీ లివర్‌లోనూ ఎస్‌జీపీటీయే పెరుగుతుంది. బరువెంత? షుగరుందా? స్కాన్ తీశారా?

రియాక్టర్_తమ్ముడు: డాక్టర్ ఏం పని చేస్తావనే అడగలేదు సార్! ఆ చీటీ చూసి మా అక్క పిల్లల్ని తీసుకుని పుట్టింటికొచ్చేసింది. తాగుబోతన్న ముద్ర పడింది. మీలాంటి సేఫ్టీవాళ్లు సంతకాలు పెట్టబట్టే ఇదంతా.

పాత_సేఫ్టీ: నోరు అదుపులో పెట్టుకో. 2025 దాకా ఉన్న ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్లో, అంటే తప్పక తెలియజేయాల్సిన రోగాల జాబితాలో, విష పదార్థాల వల్ల వచ్చే కామెర్లు ఉండేవి, డాక్టర్ ఫ్యాక్టరీల చీఫ్ ఇన్‌స్పెక్టర్‌కు రిపోర్టు పంపాల్సి ఉండేది. తెలియక కాదు. ఒకసారి పట్టుబట్టి పంపించాను. వారంలో ఆ సెక్షన్లో కాంట్రాక్టువాళ్లు తొమ్మిదిమందినీ తీసేశారు. వాళ్ల ఇళ్లకెళ్లి నువ్వు చెప్తావా?

ల్యాబ్_లక్ష్మి: వాళ్ల జాగాలో కొత్తగా వచ్చిన తొమ్మిదిమంది లివర్లు?

పాత_సేఫ్టీ: …

ల్యాబ్_లక్ష్మి: స్కాన్ తీయించండి, అది ఆయన సరిగ్గానే అడిగారు. డ్రమ్ములకు దూరంగా నెల ఉండి మళ్లీ టెస్ట్ చేయించండి, తగ్గితే కొంత తేలుతుంది.

రియాక్టర్_తమ్ముడు: నెల పోకపోతే కాంట్రాక్టర్ ఇంకొకర్ని పెట్టుకుంటాడట. బావ రేపు బి షిఫ్టుకు పోతున్నాడు. ఆ బ్యూటైల్ గ్లౌజు ఎక్కడ దొరుకుతుందక్కా, ఎంతవుతుంది?