స్టవాంగర్‌లో పాపకు బార్నెహాగె సీటు: మేయర్‌ను కలవాలా?

నమస్కారం అండీ. మా వారి ఉద్యోగం వల్ల ఈమధ్యే నార్వేలోని స్టవాంగర్‌కు వచ్చాం. పాపకు బార్నెహాగెలో (చిన్నపిల్లల బడి) సీటు రాలేదని కొమ్యూనె (ఇక్కడి మునిసిపాలిటీ) నుంచి ఉత్తరం వచ్చింది. మన ఊళ్లో అయితే కౌన్సిలర్‌నో ఎమ్మెల్యేనో కలిసేవాళ్లం. ఇక్కడ మేయర్ దగ్గరికి వెళ్లవచ్చా?

జవాబు 1:
అమ్మా, మేయర్‌కు ఈమెయిల్ రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ సీటు ఇప్పించే అధికారం ఆ పదవికి లేదు. దరఖాస్తులు చూసేది ఉద్యోగులు, వారి పైన కొమ్యూనె డైరెక్టర్. సిఫారసుకు తావు లేదు, ఉండకపోవడమే మనలాంటి కొత్తవాళ్లకు మేలు. ముందు ఆ ఉత్తరం చివర చదువు. అప్పీలు చేసుకునే గడువు అక్కడే ఉంటుంది, మామూలుగా మూడు వారాలు. అది దాటనివ్వకు.

ఇక్కడ మేయర్ అంటే ఏమిటో ఈ ఊరి మాజీ మేయర్ కారి నెస్సా నూర్‌తూన్‌ను చూస్తే తెలుస్తుంది. జనం ఎన్నుకునేది 67 మంది సభ్యుల కౌన్సిల్‌ను. ఆ సభ్యులు తమలో ఒకరిని మేయర్‌ను చేస్తారు. 1995 నుంచి హోయ్రె (కన్జర్వేటివ్) పార్టీ చేతిలో ఉన్న ఆ కుర్చీ 2019లో లేబర్ పార్టీకి చెందిన ఈమెకు, ఇతర పార్టీల మద్దతుతో, 33 ఏళ్లకే దక్కింది. కొద్ది నెలలకే, 2020 జనవరి 1న, ఫిన్నోయ్, రెన్నెసోయ్ దీవుల కొమ్యూనెలు స్టవాంగర్‌లో కలిశాయి. ఆ మార్చిలో కరోనా వచ్చి పడింది. 2023 ఎన్నికల తర్వాత పదవి మళ్లీ హోయ్రెకు, సిస్సెల్ క్నుట్‌సెన్ హెగ్‌డాల్‌కు వెళ్లింది. ఆ అక్టోబర్‌లోనే నూర్‌తూన్ దేశ విద్యామంత్రి అయ్యారు. పార్లమెంటుకు ఎన్నిక కాకుండానే! ఊరి బడుల బాగోగులు చూసిన మనిషికి ఆ శాఖ ఇవ్వడం నాకు చాలా నచ్చింది.

జవాబు 2:
అక్క చెప్పింది నిజం. ఇంకో మాట కలుపుతాను. నార్వేలో వరుసగా మూడేళ్లు నివాసం నమోదై ఉంటే, పౌరసత్వం లేకపోయినా కొమ్యూనె ఎన్నికల్లో ఓటు వేయవచ్చు, పోటీ కూడా చేయవచ్చు. ఒక పార్టీ జాబితాకు ఓటు వేస్తూనే మరో పార్టీ అభ్యర్థి పేరు కూడా చేర్చవచ్చు. తరువాతి ఎన్నికలు 2027 సెప్టెంబర్‌లో.

అంతవరకు ఊరుకోనవసరం లేదు. 300 మంది నివాసులు సంతకాలు చేసి ప్రతిపాదన పెడితే, కౌన్సిల్ ఆరు నెలల్లోగా దాన్ని చర్చకు తీసుకుని తీరాలి. మీ పేటలో బార్నెహాగెలు నిజంగానే చాలకపోతే ఆ దారి ఉంది. సంతకాలు సేకరించడానికి నేనూ వస్తాను.